చారిత్రక నవల చివర 'ఇంతవరకే చరిత్ర' అని రచయిత చెప్పాలా?

గ్రంథాలయవాసి:

ఇటీవల మన దేశంలో వెలువడుతున్న చారిత్రక నవలల చివర 'రచయిత మాట' పేరుతో కొన్ని పుటలు కనిపించడం మామూలైపోయింది. ఏ పాత్రకు చరిత్రలో ఆధారం ఉంది, ఎవరు కల్పితులు, కథ నడక కోసం ఏ సంఘటనను నాలుగేళ్లు ముందుకో వెనక్కో జరపవలసి వచ్చింది అన్న సంగతులు అందులో ఉంటాయి. కొందరు రాస్తారు, కొందరు రాయరు. ఇది రచయిత ఇష్టానికి వదిలిపెట్టదగిన విషయమా, లేక పాఠకుడు అడిగి తీరవలసిన విషయమా అన్నది చర్చకు పెడుతున్నాను. నేను రెండో పక్షం.

మనలో చాలామందికి చరిత్ర మొదట కథగానే అందింది. కాకతీయులు అనగానే నాకు గుర్తుకు వచ్చేవి శాసన సంపుటాలు కావు. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి'. రాయచూరు కోట గోడలోని పెద్ద రాతి మీద, 1294లో ఆ కోటను గన్నారెడ్డి పక్షాన విఠలుడనే వాడు కట్టించినట్టు శాసనం ఉందని నవల చదివిన చాలా కాలానికి తెలిసింది. గన్నారెడ్డి నిజంగా ఉన్నాడన్న సంతోషంతో పాటు, నాకు తెలిసిన గన్నారెడ్డిలో ఆయన పాలు ఎంత, బాపిరాజు పాలు ఎంత అన్న ప్రశ్న కూడా అప్పుడే పుట్టింది. దానికి నవల నుంచి జవాబు దొరకదు.

రుద్రమదేవి విషయం ఇంకొంచెం చిక్కైనది. నల్గొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించిన శాసనం 1289 నవంబరు 27 నాటిది. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికీ శివసాయుజ్యం కలిగినందున వారి పుణ్యార్థం చేసిన భూదానం అది. అంతకుముందు ఆమె పాలన 1295 ప్రాంతం దాకా సాగిందని చరిత్రకారులు లెక్క కట్టేవారు. బాపిరాజు, నోరి తమ నవలలు రాసిన నాటికి ఈ శాసనం పరిశోధకుల చేతికి అందలేదు కాబట్టి వారిని తప్పు పట్టడానికి వీల్లేదు. కానీ ఆ నవలలను నేటికీ అచ్చు వేస్తూనే ఉన్నారు, కొత్తవారు చదువుతూనే ఉన్నారు. ఆనాటికి తెలిసిన చరిత్ర ఇది, తరువాత తేలింది ఇది అని ఒక్క పుట చేర్చితే నవలకు వచ్చే నష్టమేమిటో ఎవరైనా చెప్పాలి.

నల్లసిరా:

నష్టం ఉంది. మంచి నవల ముగిసిన చోట పాఠకుడు కాసేపు మౌనంగా ఉండిపోతాడు. ఆ సమయంలో రచయిత మళ్లీ ముందుకు వచ్చి, మీరు ఇంతసేపు ఎవరి కోసం బాధపడ్డారో ఆమె లేనే లేదు అని చెప్పడం నాకు దాదాపు అమర్యాదగా తోస్తుంది. అయితే నా అసలు అభ్యంతరం అది కాదు. గ్రంథాలయవాసి గారు ఆశిస్తున్న పని ఆ పుటల వల్ల జరగదు.

మాలిక్ మహమ్మద్ జాయసీ 'పద్మావత్' కావ్యాన్ని అవధీ భాషలో 1540 ప్రాంతంలో రాశాడు. అల్లావుద్దీన్ ఖిల్జీ చిత్తోడును పట్టుకున్నది 1303లో. ఆ దండయాత్రలో సుల్తాను వెంట ఉండి, దాని గురించి స్వయంగా రాసిన అమీర్ ఖుస్రో పద్మిని పేరు ఎత్తనైనా ఎత్తలేదు. రెండు శతాబ్దాల తరువాత పుట్టిన కావ్యం చివర, చిత్తోడు శరీరమనీ, రాజు మనస్సనీ, పద్మిని బుద్ధి అనీ, అల్లావుద్దీన్ మాయ అనీ విడమరచి చెప్పే పద్యం ఒకటి ప్రచారంలో ఉంది. అది జాయసీది కాదని, తరువాత ఎవరో చేర్చారని కొందరు పరిశోధకులంటారు. ఎవరు చేర్చినా, ఇది నిజంగా జరిగిన కథ కాదు నాయనా అని ఇంతకంటే విప్పి చెప్పడం ఏ రచయితకూ సాధ్యం కాదు. ఆ పద్యం ఉండగానే పద్మిని చరిత్రలోకి నడిచి వెళ్లింది. ఆమె మీద తీసిన సినిమా 2018లో విడుదలయ్యేనాటికి, ఆ కథను ప్రశ్నించడమే చరిత్రను అవమానించడమన్నట్టు వీథుల్లో ఆందోళనలు జరిగాయి. నమ్మదలచుకున్నవాడు చివరి పుట చదవడు, చదివినా పట్టించుకోడు.

మరో సంగతి. అమితావ్ ఘోష్ 'సీ ఆఫ్ పాపీస్' చివర, నావికుల భాషలోనూ, తూర్పిండియా కంపెనీ దొరల భాషలోనూ కలిసిపోయిన మాటల పట్టిక ఒకటి ఉంది. చూడడానికి పండితులు కూర్చిన అనుబంధంలా ఉంటుంది. దానిని కూర్చినవాడు మాత్రం నవలలోని కల్పిత పాత్ర నీల్. అనుబంధం కూడా నవలే అయిన చోట, రచయిత మాటను సత్యప్రమాణంగా తీసుకొమ్మని పాఠకుడికి ఎలా చెబుతాం?

రాతిపలక:

ఇద్దరి మాటలూ చదివాను. కల్పనలన్నింటినీ ఒకే గాట కట్టడం వల్ల ఈ వాదం ముందుకు సాగడం లేదని నా అభిప్రాయం. చారిత్రక నవలాకారుడు కల్పించగలిగినవి అనేకం. మనుషులను కల్పిస్తాడు, సంభాషణలను కల్పిస్తాడు, వాతావరణాన్ని కల్పిస్తాడు. వీటి వల్ల చరిత్రకు వచ్చిన హాని నాకు ఎక్కడా కనిపించలేదు. హాని జరిగేది కారణాన్ని కల్పించినప్పుడు.

పద్మినినే తీసుకోండి. జాయసీ కేవలం ఒక అందమైన రాణిని సృష్టించి ఊరుకుంటే ఎవరికీ ఇబ్బంది లేకపోయేది. చిత్తోడు ముట్టడికి ఆమెనే కారణంగా నిలిపాడు. గుజరాతు, మాళవ దేశాలకు పోయే దారులు, రణథంభోరు తరువాత మిగిలిన బలమైన రాజపుత్ర దుర్గం, ఢిల్లీ సుల్తానుల విస్తరణ అన్నవన్నీ పక్కకు పోయి, ఒక మగవాడి కోరిక మాత్రం మిగిలింది. పేర్లు మరిచిపోయినా జనం కారణాన్ని మరిచిపోరు.

మన దగ్గర దీనికి దగ్గరి ఉదాహరణ తిమ్మరుసు కళ్లు తీయించిన కథ. కృష్ణదేవరాయల తరువాత కొన్నేళ్లకు విజయనగరం గురించి రాసిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ చెప్పిన వృత్తాంతం అది. రాయలు చిన్నవాడైన తన కొడుకును సింహాసనం మీద కూర్చోబెట్టాడనీ, ఆ బాలుడు విషప్రయోగంతో చనిపోయాడనీ, అనుమానం తిమ్మరుసు కుటుంబం మీద పడిందనీ, రాయలు వారి కళ్లు తీయించాడనీ అతడు రాశాడు. ఆ వృత్తాంతం నిజమే కావచ్చు, కోట వీథుల్లో వినిపించిన కథ కూడా కావచ్చు. మన నాటకాలూ, నవలలూ, సినిమాలూ దీనిని తీసుకొని, న్యూనిజ్ చెప్పని కుట్రలు, కుట్రదారులు, పశ్చాత్తాపాలు జోడించాయి. అప్పాజీ, అంటే తిమ్మరుసు, నిర్దోషి అని మనకందరికీ ఎంత గట్టిగా తెలుసో చూడండి. ఎలా తెలిసిందో ఎవరమూ చెప్పలేం.

దీనికి ఎదురుగా కల్కి కృష్ణమూర్తి 1950 నుంచి 1954 దాకా ధారావాహికగా రాసిన తమిళ నవల 'పొన్నియిన్ సెల్వన్' నాకు ఆసక్తికరంగా కనిపిస్తుంది. రాజరాజచోళుని అన్న, యువరాజు ఆదిత్య కరికాలుని హత్య చరిత్రలో జరిగింది. రాజరాజు పాలన తొలి ఏళ్ల నాటి ఉడైయార్‌గుడి శాసనం సోమన్, రవిదాసన్, పరమేశ్వరన్ మొదలైన ద్రోహుల, వారి బంధువుల ఆస్తుల స్వాధీనం గురించి చెబుతుంది. ఎందుకు చంపారో చెప్పదు. కల్కి ఆ ఖాళీలోకి నందిని అనే పాత్రను పంపాడు. ఆమె పూర్తిగా కల్పితం. కానీ చివరి దాకా ఆ హత్య ఎవరి చేతి మీదుగా జరిగిందో తేలీతేలనట్టే ఉంచాడు. శాసనం ఎక్కడ మౌనంగా ఉందో నవల కూడా అక్కడే తడబడింది. ఆ తడబాటు కల్కి తెలిసి పెట్టుకున్నదే అని నా నమ్మకం. ఆ నవలకు వెనుక పుటల్లో వివరణ ఉన్నా లేకపోయినా నాకు ఫరవా లేదు, ఎందుకంటే తెలియనితనం కథలోనే కనిపిస్తోంది.

కాబట్టి గ్రంథాలయవాసి గారి ప్రశ్నకు నా జవాబు ఇది: కల్పిత పాత్రల జాబితా అక్కరలేదు. చరిత్రలో పేరున్న మనిషి చేసిన పనికి, చరిత్ర చెప్పని కారణాన్ని రచయిత అంటగడితే మాత్రం అది తన ఊహ అని ఎక్కడో ఒక చోట ఒప్పుకోవాలి.

మూడోపేజీ:

మరి కులీ కుతుబ్ షా ప్రేయసి అని చెప్పే భాగమతి? ఆమె పేరు మీదే భాగ్‌నగరం, అంటే నేటి హైదరాబాదు, వెలిసిందని ఒక వర్గం, ఆమె అసలు లేనే లేదని చరిత్రకారుడు షేర్వాణీ. అక్బరు కొలువులోని ఫైజీ, ఆ తరువాత ఫెరిష్తా ఆమె ప్రస్తావన చేశారు కాబట్టి పూర్తిగా కొట్టిపారేయలేమని మరికొందరు. 1591లో నగరం కట్టడానికి కారణం ప్రేమా, గోల్కొండ కోటలో జనం కిక్కిరిసిపోవడమా అన్నది చరిత్రకారులే తేల్చుకోలేదు. నవలాకారుణ్ణి ఏ కారణం ఒప్పుకొమ్మంటారు?

నల్లసిరా:

సరిగ్గా అదే నేనూ అడగబోయాను. రాతిపలక గారి గీత చూడడానికి బాగుంది కానీ, ఆ గీతకు అవతల ఉన్నారనుకున్న చరిత్రకారులు కూడా ఇవతలే ఉన్నారు. ఆదిత్య కరికాలుని హత్యలో, ఆ తరువాత సింహాసనమెక్కిన ఉత్తమచోళుని పాత్ర మీద అనుమానం వ్యక్తం చేసినవారు నీలకంఠశాస్త్రి గారంతటి చరిత్రకారులు. తరువాతివారు ఆ అనుమానాన్ని అంగీకరించలేదు. చందుపట్ల శాసనం రుద్రమదేవి మరణాన్ని చెబుతుంది, మరణించిన విధం చెప్పదు. తిరుగుబాటు చేసిన సామంతుడు కాయస్థ అంబదేవునితో జరిగిన పోరులో ఆమె చనిపోయి ఉంటుందన్నది, అతని తిరుగుబాటునూ అతని శాసనాలనూ పక్కపక్కన పెట్టి చరిత్రకారులు చేసిన ఊహ. అది బలమైన ఊహే, నేను కాదనను. కానీ కారణాన్ని ఊహించడం చరిత్రకారుడికి విద్వత్తు, నవలాకారుడికి అపరాధం ఎలా అవుతుంది?

సాయంత్రపాఠకురాలు:

ఇప్పటి దాకా జరిగిన చర్చ అంతా రాణులూ, మంత్రులూ, సేనానుల గురించే. ఇది యాదృచ్ఛికం అని నేను అనుకోవడం లేదు. శాసనం వేయించగలిగినవారి గురించే ఆధారాలు మిగులుతాయి. పువ్వుల ముమ్మడి పేరు మనకు తెలిసింది అతడు భూమి దానం చేయగలిగినవాడు కావడం వల్ల. ఆ భూమిని దున్నినవాడి పేరు ఏ రాతి మీదా లేదు. ఆధారం ఉన్నంత వరకే నిజం, మిగిలింది కల్పన అని చివరి పుటలో గీత గీస్తే, ఆ దున్నేవాడు ఎప్పటికీ 'కల్పన' జాబితాలోనే ఉంటాడు. రాజు 'నిజం' జాబితాలో ఉంటాడు. ఈ పంపకం నాకు న్యాయంగా తోచదు.

బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' చదివినప్పుడు నాకు ఇది బాగా తెలిసివచ్చింది. పద్దెనిమిదవ శతాబ్దపు అనంతపురం సీమను, హండె పాలకుల కాలాన్ని తీసుకొని రాసిన ఆ నవలకు 2019 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందులో పాలకుల పేర్లు చరిత్రవే. కానీ నవల బరువంతా మోసినవారు వారు కారు, కరవులో బతికిన అట్టడుగు కులాల మనుషులు. ఆ మనుషులు ఉన్నారనడానికి విడివిడిగా పత్రాలు చూపలేకపోవచ్చు. ఉండలేదనడానికి మాత్రం ఎవరికీ వీల్లేదు. పాలకుని పేరు ఉన్న ఆధారం కంటే, అలాంటి వేలమంది ఉండి తీరాలన్న ఆధారం నాకు గట్టిదిగా కనిపిస్తుంది.

రెండో విషయం ఇంకా కష్టమైనది, కొంచెం వివరంగా చెప్పనివ్వండి. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ 2010లో రాసిన నవల 'మాదొరుబాగన్' స్వాతంత్ర్యానికి ముందు కాలంలో, తిరుచెంగోడు ప్రాంతంలో, పిల్లలు లేని ఒక జంట కథ. ఒక రథోత్సవం రాత్రి, పిల్లలు లేని స్త్రీ పరపురుషుణ్ణి కలవవచ్చన్న ఆచారం ఆ కథకు కీలకం. ఊరి పేరు, కులం పేరు ఉన్నాయి కాబట్టి, ఆ ఆచారం జరిగిందని రుజువు చూపించమని రచయితను నిలదీశారు. 2015 జనవరిలో తనలోని రచయిత చనిపోయాడని ఆయన ప్రకటించవలసి వచ్చింది. 2016 జులైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చిన తరువాతే మళ్లీ రాయగలిగారు. గ్రంథాలయవాసి గారు పాఠకుడిగా అడుగుతున్న ప్రశ్నా, ఆ గుంపు అడిగిన ప్రశ్నా మాటల్లో చూస్తే ఒక్కటే: 'ఇందులో ఎంత నిజం?' అడిగేవారి ఉద్దేశం వేరని నాకు తెలుసు. కానీ ఒక నియమంగా స్థిరపడిన తరువాత, దానిని ఎవరు ఏ ఉద్దేశంతో వాడుకుంటారో మన చేతిలో ఉండదు. కల్పన అని రాస్తే, లేనిదాన్ని మా మీద రుద్దాడంటారు. ఆధారం ఉంది అని రాస్తే, మా పరువు తీశాడంటారు. రచయిత ఇష్టపడి రాసే పుట వేరు, సంజాయిషీగా రాసే పుట వేరు.

వేయిపుటలు:

ఈ మాటలన్నీ విశ్వనాథ సత్యనారాయణ గారి దగ్గరికి తీసుకువెళితే తలకిందులవుతాయి. ఆయన పురాణవైర గ్రంథమాలలోని పన్నెండు నవలలు చరిత్రను ఆధారం చేసుకొని రాసినవి అనడం కంటే, ఆంగ్లేయులు రాసిన చరిత్ర మీద వేసిన దావా అనడం సరైనది. పురాణాలలోని రాజవంశాల లెక్కే అసలైనదని ఆయన పక్షం. చరిత్రకారులలో అత్యధికులు ఆ కాలగణనను ఒప్పుకోరు, నేను కూడా ఒప్పుకోను. కానీ ఆయన దేనినీ దాచలేదు. పీఠికల్లోనూ, కథ మధ్యలోనూ తన వాదాన్ని బాహాటంగా చెప్పాడు. రాతిపలక గారి షరతు ప్రకారం చూస్తే అంతకంటే నిజాయితీపరుడైన చారిత్రక నవలాకారుడు తెలుగులో లేడు. అయినా చరిత్ర కోసం ఆ నవలలను ఎవరికీ ఇవ్వను. కథనం కోసం, ఆ ధాటి కోసం తప్పక ఇస్తాను. రచయిత ఒప్పుకోలు ఒక్కటే కొలబద్ద అయితే మనం ఎక్కడికి చేరతామో దీనివల్ల తెలుస్తుంది.

రాతిపలక:

వేయిపుటలు గారి ఉదాహరణ నా వాదానికి ఇబ్బంది కలిగించదు. విశ్వనాథ వారితో మీరు విభేదించగలిగారంటే, విభేదించడానికి కావలసినదంతా ఆయన మీ ముందు పెట్టడం వల్లనే. నేను కోరేది అంతే. రచయిత చెప్పింది నిజమై ఉండాలని నేను అడగలేదు.

నల్లసిరా గారికి. చరిత్రకారుడు కూడా కారణాన్ని ఊహిస్తాడన్నది నిజం. కానీ నీలకంఠశాస్త్రి గారి అనుమానాన్ని తరువాతివారు తిరస్కరించగలిగారు, ఎందుకంటే ఏ శాసనాన్ని ఎలా చదివి ఆ అనుమానానికి వచ్చారో ఆయన చూపించారు. నవలలో కారణం ఒక పాత్ర ముఖంలో, ఒక రాత్రి సంభాషణలో వస్తుంది. దానిని ఖండించడానికి పట్టు దొరకదు. మనకు నచ్చిన పాత్ర చెప్పింది కాబట్టి నమ్మేస్తాం. నవల ఎంత బాగుంటే ప్రమాదం అంత ఎక్కువ. పేలవమైన చారిత్రక నవలల గురించి నాకు ఏ ఆందోళనా లేదు.

సాయంత్రపాఠకురాలు గారి రెండో మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. పేరులేని మనుషుల విషయంలో నేను మొదటే ఏ షరతూ పెట్టలేదు కాబట్టి మొదటి మాటతో నాకు విభేదం లేదు. కానీ నియమం సంజాయిషీగా మారుతుందన్నది ఈ దేశంలో జరిగిన సంగతే, ఊహ కాదు.

నల్లసిరా:

పట్టు దొరకదన్న మాటను పూర్తిగా ఒప్పుకోలేను. ఒక నవలను మరో నవల ఖండిస్తుంది. 1940లలోనూ, 1950ల మొదట్లోనూ కాకతీయుల మీద వచ్చిన నవలల్లో తెలుగువారంతా ఒక్కటి కావాలన్న ఆనాటి ఆకాంక్ష నాకు స్పష్టంగా వినిపిస్తుంది. సామంతుల కలహాలు చెడ్డవి, ఓరుగల్లు కింద ఏకమవడం మంచిది అన్న తూకంలోనే ఆ కథలు నడుస్తాయి. అది పదమూడో శతాబ్దపు ఆలోచన కాకపోవచ్చు. దానిని నాకు చూపించినది ఏ రచయిత మాటా కాదు, అదే పాలనను కింది నుంచి చూసిన తరువాతి కథలు. ఇప్పుడు రాస్తున్నవారి నవలల్లోనూ రాణులు నేటి చదువుకున్న స్త్రీల్లా ఆలోచిస్తున్నారని నాకు అనిపిస్తుంది, ముప్పై ఏళ్ల తరువాత వచ్చేవారు దాన్నీ పట్టుకుంటారు.

గ్రంథాలయవాసి:

నా మొదటి అడుగును కొంత కుదించుకుంటున్నాను. రచయితకు నియమం పెట్టడం గురించి సాయంత్రపాఠకురాలు గారు చెప్పిన తరువాత, ఆ బాధ్యతను రచయిత మీద మోపడం నాకూ ఇష్టం లేదు. అయితే రచయిత గతించిన తరువాత కూడా మళ్లీ మళ్లీ అచ్చవుతున్న నవలల సంగతి వేరు. అక్కడ సంజాయిషీ చెప్పవలసినవారు ఎవరూ లేరు. 'రుద్రమదేవి' కొత్త ముద్రణలో, కాకతీయ చరిత్ర తెలిసిన ఒకరి చేత నాలుగు పుటల పీఠిక రాయించడం ప్రచురణకర్త చేయగలిగిన పని. చందుపట్ల శాసనం సంగతి, మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కోపోలో ఆమెను గణపతిదేవుని కూతురిగా కాక వితంతువైన రాణిగా పొరబడిన సంగతి అందులో ఉండవచ్చు. పుస్తకం చివర కాక మొదట్లో ఉన్నా నాకు అభ్యంతరం లేదు, నల్లసిరా గారి మౌనానికి భంగం కలగదు కూడా.

కారణాల విషయంలో రాతిపలక గారితోనే ఉన్నాను. తిమ్మరుసు గురించి ఈసారి ఏ నవల చదివినా, న్యూనిజ్ ఎక్కడ ఆగాడు, రచయిత ఎక్కడ మొదలుపెట్టాడు అని చూసుకుంటూ చదువుతాను. దాని వల్ల చదవడంలోని ఆనందం తగ్గుతుందేమో అని నల్లసిరా గారు అడగవచ్చు. కొంత తగ్గుతుంది.